సింగిల్‌కి రూమ్ లేదు

అమ్మీ,

నువ్వు నిన్న పెట్టిన వాయిస్ మెసేజ్ నాలుగు సార్లు విన్నాను. గువాహటిలో ట్రైన్ దిగేసరికి రాత్రి పదిన్నర దాటిందని, రెండు లాడ్జీల్లో ఒక్కదానివే వచ్చినావని చెప్పి రూమ్ ఇవ్వలేదని, మళ్ళీ స్టేషన్‌కే పోయి లేడీస్ వెయిటింగ్ హాల్లో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా కూచున్నావని. మీ అమ్మకి సగమే చెప్పినాను. నాకు లాడ్జిలో నైట్ డ్యూటీ, కౌంటర్ దగ్గర ఎవరూ లేరు, కూచుంటే అదే గుర్తొస్తా ఉండాది, అందుకే ఇదంతా టైప్ చేస్తా ఉండాను.

నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పాల. ఇరవై రెండేళ్ళుగా ఇదే కౌంటర్లో కూచోని "సింగిల్‌కి రూమ్ లేదు" అని చెప్తా వచ్చినోణ్ణి నేను. మన తిరుపతిలో చానా లాడ్జీల్లో ఇదే పద్ధతి, ఒంటరిగా వచ్చినోళ్ళు రూమ్‌లో ఏమన్నా చేసుకుంటే పోలీసులు, కేసులు అని ఓనర్లకి భయం. ఆ భయం ఉత్తదని నేను అనను. కానీ నువ్వు ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు ఒక రాత్రి వానలో తడిసిపోయి ఒకమ్మాయి వచ్చింది, కన్నడం మాట్లాడింది, ప్లాస్టిక్ కవర్లో నుంచి ఆధార్ తీసి కౌంటర్ మీద పెట్టింది. నేను కార్డు చూడను కూడా చూడలా, తల అడ్డంగా ఊపేసినాను. ఆ పిల్ల కార్డుని చున్నీతో తుడుచుకుని మళ్ళీ కవర్లో పెట్టుకుని, థాంక్స్ సార్ అని చెప్పి బయటికి పోయింది. యాడికి పోయిందో, ఎవరి గడప తొక్కిందో తెలీదు. నీ మెసేజ్ విన్నప్పటి నుంచి ఆ కవరే కళ్ళ ముందు మెదులుతా ఉండాది.

కాబట్టి కౌంటర్ ఇవతల నుంచి నాకు తెలిసింది చెప్తా, విను. ముందు రోజే ఫోన్ చేసి "ఒక్కదాన్నే, లేడీ, రూమ్ ఇస్తారా" అని సూటిగా అడుగు, సరే అంటే ఆ మాట వాట్సాప్‌లో పెట్టమను, అప్పుడు కౌంటర్లో వేరేవాడు కూచున్నా కాదనలేడు. టికెట్ కన్ఫర్మ్ అయి ఉంటే పీఎన్ఆర్ మీద స్టేషన్లోనే రిటైరింగ్ రూమ్ బుక్ చేసుకోవచ్చు, రాత్రి దిగే ఊళ్ళలో అదే మేలు. డబ్బులు కట్టేముందు రూమ్ చూడు, లోపలి గడియ నువ్వే వేసి తీసి చూడు. రూమ్ నంబర్ పైకి చెప్తే పక్కన నిలబడినోళ్ళు వింటారు, కాయితం మీద రాసిమ్మను. తిండిలో బస్సుల్లో ఎంతైనా మిగుల్చుకో, పడుకునే చోట మాత్రం రెండు మూడొందలకి చూసుకోవద్దు తల్లీ.

షిల్లాంగ్‌కి షేర్ సుమో ఎక్కతానన్నావు, వంద కిలోమీటర్లు, మనుషులు నిండితేనే కదుల్తాది, పొద్దున్నే పో. మనకి డిసెంబర్లో ఐదున్నరకి కూడా వెలుతురు ఉంటాది, అక్కడ నాలుగున్నరకే పొద్దు గూకిపోతాది, వాచీలో టైమ్ ఒకటే అయినా పొద్దు ఒకటి కాదు. మూడున్నరకల్లా రూమ్‌లో ఉండేలా ప్లాన్ చేసుకో. ఆదివారం చర్చికి పోతారు, అంగళ్ళు చానావరకు మూసేస్తారు, బండ్లు తక్కువ, ఆ రోజు ప్రయాణం పెట్టుకోవద్దు.

వేళ్ళ వంతెన ఉండే లోయలో ఊరు నొంగ్రియాట్‌కి దిగే మెట్లు మూడు వేలకి పైనే అంటావు, అలిపిరి మెట్లు 3,550 నువ్వు పదో ఏట నుంచి ఎక్కతా ఉండావు కాబట్టి ధైర్యంగా ఉండావు. కానీ అలిపిరిలో ఫ్రెష్‌గా ఎక్కి బస్సులో దిగుతావు, అక్కడ ముందు దిగాల, పిక్కలు పట్టేసినాక ఎక్కాల, బండి దారే లేదు. అందుకని దిగిన రోజే తిరిగి ఎక్కొద్దు, కింద ఊళ్ళో పడుకుని పొద్దున ఎక్కు. ఏటీఎంలు ఉండవు, చిల్లర నోట్లు పెట్టుకో, డబ్బులన్నీ ఒకేచోట వద్దు. నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఒక స్టేషన్లో జేబు కొట్టేసినారు, పొట్లం కట్టిన బొరుగుల కింద దాచిన యాభై రూపాయలే నన్ను ఇంటికి చేర్చినాయి.

ఆ వేళ్ళ వంతెన గురించి చదివినాను. రబ్బరు మర్రి వేళ్ళని పోకచెక్క మాన్ల మీదుగా అవతలి గట్టుకి పట్టించి, అవి నేలలో దిగి మనిషి బరువు మోయాలంటే పదిహేనేళ్ళకి పైనే పడతాదంట. కట్టినోళ్ళే దాటాలని లేదు. దాన్ని దాటేటప్పుడు ఒక్క నిమిషం నిలబడి చూడు, ఫోటో తర్వాత.

అక్కడి ఖాసీ వాళ్ళింట్లో క్వాయ్ ఇస్తారు, వక్క, ఆకు, సున్నం, మన తాంబూలం లాగే మర్యాద. వక్క పచ్చిది, అలవాటు లేనోళ్ళకి చెమటలు పట్టి తల తిరుగుతాది, చిన్న ముక్క తీసుకో. పంది మాంసం కలిపిన అన్నం పెడితే వద్దని చెప్పు, ముఖం మాత్రం చిట్లించొద్దు. పెద్దామెని కాంగ్ అను, మనం అక్కా అన్నట్టే, ఖుబ్లెయ్ అంటే వాళ్ళ థాంక్స్. ఖాసీ వాళ్ళలో పిల్లలకి అమ్మ వంశం పేరే వస్తాదంట, ఇల్లు చివరి కూతురికంట. మన ఇంట్లో చివరిదానివి నువ్వే. ఈ మాట మీ అమ్మకి చెప్తే చానాసేపు ఏం మాట్లాడలా.

ఇంతవరకు టైప్ చేసి ఆపినాను, ఎవరో వచ్చినారు.

ఒడిశా అమ్మాయి, ఒక్కతే, దర్శనానికి. ఆధార్ రెండు చేతులతో పట్టుకుని చూసినాను ఈసారి. ఓనర్‌ని నిద్ర లేపి ఫోన్లో నేను పూచీ అని చెప్పి, కౌంటర్‌కి కనపడే 104 ఇచ్చినాను. లోపల గడియ పడిన చప్పుడు వినపడింది. తెల్లారుజామున నాలుగుకి లేపమంది, లేపాల.

అమ్మ ఇచ్చిన చెనిక్కాయల పొడి అయిపోయిందా అని అడగమంది. సోహ్రా, అదే చిరపుంజి, చేరినాక మెసేజ్ పెట్టు. సిగ్నల్ లేని రోజు ఏదో ముందే చెప్పు, ఆ రోజు నేను అమ్మ పక్కన ఉండేలా డ్యూటీ మార్చుకుంటా.

నాన్న