అఫిడవిట్‌లో పన్ను గడి ఏది?

సంపాదకులకు నమస్కారం.

నామినేషన్ల వారం వచ్చిందంటే మీ పత్రికతో సహా అన్ని తెలుగు పత్రికల్లోనూ ఒకే పట్టిక కనిపిస్తుంది. అభ్యర్థి పేరు, ఆస్తి, అప్పు, కేసులు. 2024లో దేశం మొత్తం మీద ఆ పట్టికకు పై వరస మనదే. గెలిచిన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో గుంటూరు నుంచి పెమ్మసాని చంద్రశేఖర్ సుమారు రూ.5,705 కోట్లతో మొదటి స్థానంలోనూ, చేవెళ్ల నుంచి కొండా విశ్వేశ్వర్ రెడ్డి సుమారు రూ.4,568 కోట్లతో రెండో స్థానంలోనూ ఉన్నారు. ఆస్తి ఉండటం నేరం కాదు. ఉన్నదంతా కాగితం మీద పెట్టినవారిని వేలెత్తి చూపడం అసలే న్యాయం కాదు. అయితే ఆ పట్టిక చూసిన ఓటరు నోట వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది: ఇంత ఉన్నాయన పన్ను ఎంత కడతాడు? అఫిడవిట్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికినా దీనికి జవాబు దొరకదు. ఎవరో దాచిపెట్టడం వల్ల కాదు, ఆ ఫారంలో కట్టిన పన్నుకు గడే లేదు.

అభ్యర్థి నామినేషన్‌తో పాటు ఇచ్చే ప్రమాణపత్రం ఫారం 26. సుప్రీంకోర్టు 2002 మే 2న ఇచ్చిన తీర్పుతో ఇది వచ్చింది. దాన్ని నీరుగార్చడానికి పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేర్చిన 33బి సెక్షన్‌ను 2003 మార్చిలో అదే కోర్టు కొట్టేసింది. 2018 ఫిబ్రవరిలో మరో తీర్పు ఆదాయ మార్గాలు చెప్పకపోవడాన్ని అవినీతి పద్ధతిగా లెక్కించింది. 2019 ఫిబ్రవరి సవరణతో గత ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన మొత్తం ఆదాయం, విదేశీ ఆస్తుల వివరాలు కూడా చేరాయి. అభ్యర్థికి, జీవిత భాగస్వామికి, హిందూ అవిభక్త కుటుంబానికి, ఆధారపడినవారికి వేర్వేరు నిలువు వరసలు ఉంటాయి. ఏ గడీ ఖాళీగా వదలకూడదు. ఏమీ లేకపోతే 'లేదు' అనో 'వర్తించదు' అనో రాయాలి. గుర్తు చేశాక కూడా ఖాళీలు నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా 'మొత్తం ఆదాయం' దగ్గరే. పన్ను చట్టంలో ఆ మాటకు అర్థం వచ్చిన డబ్బంతా అని కాదు. మినహాయింపులు పోగా, పాత నష్టాలు సర్దుబాటు చేయగా, పన్ను వర్తించని రాబడులన్నీ పక్కన పెట్టగా మిగిలిన అంకె అది.

2024-25 ఆర్థిక సంవత్సరం లెక్కతో ముగ్గురు అభ్యర్థులను ఊహించండి. మొదటి వ్యక్తికి పన్ను వేయదగ్గ జీతం రూ.కోటి. కొత్త పన్ను విధానంలో సర్‌చార్జి, సెస్సు కలిపి ఆయన కట్టేది సుమారు రూ.30.8 లక్షలు. రెండో వ్యక్తి డిసెంబరులో లిస్టెడ్ షేర్లు (స్టాక్ మార్కెట్‌లో నమోదైనవి) అమ్మి రూ.కోటి దీర్ఘకాలిక లాభం పొందాడు, వేరే ఆదాయం లేదు. రేటు 12.5 శాతమే కాబట్టి ఆయన కట్టేది రూ.14 లక్షల లోపే. మూడో వ్యక్తికి ఒక భాగస్వామ్య సంస్థ నుంచి లాభంలో వాటాగా రూ.కోటి వచ్చింది. సంస్థ అప్పటికే 30 శాతం చొప్పున పన్ను కట్టింది కనుక ఆయన చేతిలో దానికి పన్ను లేదు. ఇప్పుడు ఫారం 26 తెరిస్తే మొదటి ఇద్దరి గడుల్లో ఒకే అంకె ఉంటుంది, రూ.కోటి. మూడో ఆయన గడిలో సున్నా. ముగ్గురూ నిజమే రాశారు. చదివినవాడికి మాత్రం మొదటి ఇద్దరూ సమానంగా పన్ను కట్టినట్టూ, మూడో ఆయన బీదవాడైనట్టూ అనిపిస్తుంది.

మన రాష్ట్రాల్లో ఈ సున్నా వెనక ఎక్కువగా ఉండేది భూమి. వ్యవసాయ ఆదాయానికి కేంద్రం పన్ను లేదు, రూ.5,000 దాటితే మిగతా ఆదాయానికి రేటు లెక్కగట్టేటప్పుడు కలుపుతారు, అంతే. ఇంకా పెద్దది భూమి అమ్మకం. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే వచ్చే లాభానికి మూలధన లాభాల పన్నే వర్తించదు. ఏది గ్రామీణం అన్నది పురపాలక సంఘం హద్దు నుంచి దూరాన్ని బట్టి తేలుతుంది. పట్టణ జనాభా 10 వేలు దాటి లక్ష వరకు ఉంటే 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల వరకు 6, ఆపైన 8 కిలోమీటర్లు. ఆ గీత అవతల ఎకరం ఎన్ని కోట్లకు పోయినా పన్ను లేదు. గీతకు ఇవతల అమ్మినవాడు కట్టాలి. నగరాల చుట్టూ రోడ్డు పడబోతోందని ముందే తెలిసే అవకాశం ఉన్న వృత్తి రాజకీయం కాబట్టి, ఈ ఒక్క మినహాయింపు గురించైనా ఓటరుకు తెలియాలి. బంధువుల నుంచి వచ్చిన కానుక, వారసత్వం కూడా ఇదే కోవ. ఇవన్నీ చట్టబద్ధమే. రిటర్నులో మినహాయింపు ఆదాయం షెడ్యూలు అని విడిగా ఒక భాగం ఉంది. ఫారం 26 దాన్ని అడగదు.

ఉన్న సమాచారంతోనే కొంతవరకు లెక్క తీయవచ్చు. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఒకే అభ్యర్థివి ఐదేళ్ల తేడాతో ఇచ్చిన రెండు అఫిడవిట్లు తీసుకోండి. స్థిరాస్తుల పేజీలో సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వమా కాదా, కొన్న తేదీ, కొన్న ధర, కట్టడానికి పెట్టిన ఖర్చు, ఇప్పటి విలువ వరసగా ఉంటాయి. ఇప్పటి విలువను వదిలేయండి. ఆ ఐదేళ్లలో కొన్నవాటి కొనుగోలు ధరలు మాత్రమే కూడండి. వాహనాలు, బంగారం, పెరిగిన డిపాజిట్లు, ఇతరులకిచ్చిన అప్పులు దానికి కలపండి. ఆ మొత్తంలోంచి కొత్తగా చేసిన అప్పులు తీసేయండి, ఐదేళ్ల మొత్తం ఆదాయమూ తీసేయండి. ఉదాహరణకు కొన్నవి రూ.8 కోట్లు, కొత్త అప్పు రూ.1.5 కోట్లు, ఐదేళ్ల ఆదాయం రూ.2.5 కోట్లు, అమ్మినవి, పాత డిపాజిట్లలోంచి తీసినవి ఏమీ లేవనుకుందాం. మిగిలింది రూ.4 కోట్లు. ఇల్లు గడవడానికైన ఖర్చు, కట్టిన పన్ను దీనికి అదనం. అంటే కనీసం రూ.4 కోట్లు ఆదాయం గడిలో కనిపించని దారిలో వచ్చాయి. అది పంట మీద వచ్చిన డబ్బు కావచ్చు, మామగారిచ్చింది కావచ్చు, మరొకటి కావచ్చు. ఇక్కడితో దొంగ అని తేల్చేయకూడదు. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇక్కడ దొరుకుతుంది.

విమర్శించేవాళ్లు బోల్తా పడేదీ ఈ మెట్టు దగ్గరే. ఆస్తి విలువ పెరిగింది కదా, మరి పన్ను ఏదీ అని నిలదీస్తారు. అమ్మని షేరు మీద, అమ్మని స్థలం మీద మన దేశంలో ఆదాయపు పన్ను పడదు. చంద్రబాబు నాయుడు దేశంలోకెల్లా సంపన్న ముఖ్యమంత్రి అని 2024లో వచ్చిన లెక్క, రూ.931 కోట్లకు పైగా, ఎక్కువ భాగం ఆయన భార్య పేరిట ఉన్న హెరిటేజ్ ఫుడ్స్ షేర్లదే. మార్కెట్ లేస్తే ఆ అంకె లేస్తుంది, పడితే పడుతుంది. పన్ను పడేది వచ్చిన డివిడెండు మీద, అమ్మితే వచ్చిన లాభం మీద. పైగా ఫారంలో లిస్టెడ్ షేర్లను మార్కెట్ ధరకు, అన్‌లిస్టెడ్ షేర్లను కంపెనీ పుస్తకాల విలువకు చూపమంటారు. ఒకే స్థాయి కంపెనీలున్న ఇద్దరిలో ఒకరిది వందల కోట్లుగా, మరొకరిది పదుల కోట్లుగా కనిపించడానికి ఇదొక్కటి చాలు. అందుకే 'అత్యంత సంపన్నుడు' అన్న శీర్షికను కాస్త ఆచితూచి పెట్టమని మనవి.

ఇంకో రెండు కంతలున్నాయి. ఆధారపడిన పిల్లలు అంటే సొంత సంపాదన లేకుండా పూర్తిగా తల్లిదండ్రుల మీదే ఆధారపడినవారని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. సొంత రిటర్ను వేసే పెద్దకొడుకు ఆ వరసల్లోకి రాడు, సొంత ఆదాయమున్న కోడలూ రాదు. విచిత్రమేమంటే మామ ఊరికే రాసిచ్చిన ఆస్తి మీద కోడలికి వచ్చే ఆదాయాన్ని పన్ను చట్టం మామ ఆదాయంలోనే కలుపుతుంది. పన్ను అధికారి చూసేది ఓటరు చూడకూడదా? రెండోది, ఫారంలో అడిగేది రిటర్నులో అభ్యర్థి చూపుకున్న ఆదాయం. తనిఖీ (అసెస్‌మెంటు) తర్వాత అధికారి తేల్చినది కాదు. రూ.40 లక్షలు చూపిన రిటర్నును శాఖ రూ.4 కోట్లకు పెంచినా గడిలో 40 లక్షలే ఉంటుంది. ప్రభుత్వ బకాయిల పేజీలో వివాదంలో ఉన్న పన్ను గురించి రాయాల్సి ఉంటుంది కానీ, అది ఏ సంవత్సరం ఏ ఆదాయానిదో చదివేవాడికి అంతుపట్టదు.

సమాచార హక్కు దరఖాస్తు పెడదామంటే దారి దాదాపు మూసుకుపోయింది. ఆదాయపు పన్ను రిటర్ను వ్యక్తిగత సమాచారమనీ, విస్తృత ప్రజా ప్రయోజనం ఉందని అధికారి సంతృప్తి చెందితే తప్ప ఇవ్వనక్కర్లేదనీ 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. గెలిచిన పార్లమెంటు సభ్యులు ప్రమాణ స్వీకారం చేసిన 90 రోజుల్లో స్పీకరుకో ఛైర్మన్‌కో ఇచ్చే ఆస్తుల ప్రకటనలోనూ చూపాల్సింది ఆస్తులు, అప్పులే. కాబట్టి ఓటరుకున్న కిటికీ ఫారం 26 ఒక్కటే.

బయటి దేశాల్లో ఈ చర్చ పన్ను అంకె చుట్టూనే నడిచింది. 1970లో రెండు లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద నిక్సన్ కట్టింది 792 డాలర్లని బయటపడ్డాకే అమెరికా అధ్యక్షులు తమ రిటర్నులు బయటపెట్టే ఆనవాయితీ మొదలైంది. ట్రంప్ దాన్ని పాటించలేదు. 2016, 2017ల్లో ఆయన ఏటా 750 డాలర్లే కట్టారని 2020లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాసింది. 2022 డిసెంబరు 30న అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) కమిటీ ఆయన ఆరేళ్ల రిటర్నులు విడుదల చేసింది. ఆనవాయితీకీ చట్టానికీ ఉన్న తేడా అక్కడ తెలిసొచ్చింది. బ్రిటన్‌లో అప్పటి ప్రధాని రిషి సునాక్ 2023 మార్చిలో మూడేళ్ల సారాంశం ప్రకటిస్తే, కట్టింది పది లక్షల పౌండ్లకు పైనే అయినా రేటు సుమారు 22 శాతమే ఎందుకైందన్న చర్చ వచ్చింది; ఆదాయంలో పెద్ద భాగం మూలధన లాభాలు కావడమే కారణం. అంత దూరం ఎందుకు, పక్కనున్న పాకిస్తాన్ 2014లోనే తన చట్టసభల సభ్యులు కట్టిన పన్నుల జాబితా అచ్చేసింది. మన దగ్గర ఉత్తరప్రదేశ్‌లో 1981 నాటి చట్టం ప్రకారం మంత్రుల జీతం మీది ఆదాయపు పన్నును ఖజానాయే కడుతూ వచ్చిందని 2019లో కానీ జనానికి తెలియలేదు!

ఇక తప్పుడు అఫిడవిట్ ఇస్తే ఏమవుతుంది? ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రిటర్నింగ్ అధికారికి నిజానిజాలు విచారించే అధికారం లేదు. ఎవరైనా ఎదురు అఫిడవిట్ ఇస్తే దాన్ని కూడా ప్రదర్శనకు పెట్టడం వరకే ఆయన పని. గెలిచాక ప్రశ్నించాలంటే ఆ నియోజకవర్గపు ఓటరో, పోటీ చేసిన అభ్యర్థో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. గడువు ఫలితం వచ్చిన నాటి నుంచి 45 రోజులు, ఖర్చుల హామీగా రూ.2,000 డిపాజిట్. 46వ రోజున వెళ్తే ఎంత మంచి కారణం చెప్పినా ఆలస్యాన్ని మన్నించరు. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. కొత్తగూడెంలో ఏం జరిగిందో చూడండి. 2018 డిసెంబరు ఎన్నికపై పిటిషన్‌లో, ఆస్తుల వివరాలు సరిగా చూపలేదని ఎమ్మెల్యే వనమా వెంకటేశ్వరరావు ఎన్నిక చెల్లదంటూ తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చింది 2023 జులై 25న. ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నవంబరులో మళ్లీ ఎన్నికలే వచ్చేశాయి. మరోపక్క ప్రతి చిన్న చరాస్తినీ రాయనక్కర్లేదనీ, విలువైనదో జీవనశైలిని చాటేదో అయితేనే చెప్పాలనీ 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అరుణాచల్ కేసులో అంది. సమంజసమే. ఆ కొలతతో చూసినా పన్ను అంకె చిన్న విషయం కాదు.

ఇప్పుడు కావలసినది స్వల్పం. ఇప్పుడున్న ఐదేళ్ల ఆదాయపు వరసల పక్కనే మూడు గడులు: ఆ ఏడాది కట్టిన మొత్తం పన్ను, మినహాయింపు ఆదాయం రకాలవారీగా, అసెస్‌మెంటులో ఆదాయం మారి ఉంటే ఆ అంకె. ఇవేవీ కొత్తగా తయారు చేయనక్కర్లేదు. కట్టిన పన్ను రిటర్ను వేసిన రోజే వచ్చే ఒక్క పేజీ రశీదులో ఉంటుంది. మినహాయింపు ఆదాయం రిటర్నులోనే ఉంటుంది. మూడోది అసెస్‌మెంటు ఉత్తర్వులో ఉంటుంది. ఆడిటరు పావుగంటలో తీసిస్తాడు. దీనికి పార్లమెంటులో బిల్లు కూడా అక్కర్లేదు. ఫారం 26 ఎన్నికల నిర్వహణ నియమాల్లో భాగం. ఎన్నికల సంఘాన్ని సంప్రదించి కేంద్ర న్యాయశాఖ గెజిట్ నోటిఫికేషన్ ఇస్తే చాలు. 2019 మార్పు వచ్చిందీ అలాగే.

అది జరిగేలోపు మీ పత్రిక చేయగలిగింది ఒకటుంది. ఈసారి నామినేషన్ల పట్టికలో ఆస్తి పక్కన ఐదేళ్ల మొత్తం ఆదాయం, ఆ ఐదేళ్లలో కొన్నవాటి కొనుగోలు ధరల మొత్తం వేయండి. పన్ను రశీదు పేజీ ఇస్తారా అని ప్రతి ప్రధాన అభ్యర్థినీ అడిగి, ఇచ్చినవారి పేరు ఎదురుగా ఆ అంకె, ఇవ్వనివారి పేరు ఎదురుగా 'ఇవ్వలేదు' అని అచ్చు వేయండి.

— పన్నుల వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు, విజయవాడ