భయంగా ఉందని ముందే చెప్పు

మధిర,
సోమవారం రాత్రి

అమ్మలూ,

నిన్న ఫోన్లో ఎమ్మారై గురించి అడిగితే "అదేం లేదు నాన్నా, పడుకుంటే వాళ్లే తీసేస్తారు" అన్నావు. నేను కూడా "సరేలేమ్మా" అని పెట్టేశాను. ఇద్దరం ఒకరికొకరం ధైర్యం నటించాం. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాసి మీ అమ్మ చేతికిస్తున్నాను. రేపు సాయంత్రానికి నీ హాస్టల్‌కు వస్తుంది. నేనూ రావలసినవాణ్ణే. నాయనమ్మ మంచంలో ఉండగా ఇద్దరం కదలలేం కదా, ఆగిపోయాను.

ముందు నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. మీ అమ్మకు కూడా తెలియదు. మూడేళ్ల కిందట నడుము నొప్పికి ఖమ్మంలో నాకు ఎమ్మారై తీశారు కదా. ఇంటికొచ్చి "ఏముంది, అరగంట పడుకున్నాను" అన్నాను. అది నిజం కాదు. లోపలికి పంపిన రెండు నిమిషాలకే చేతిలో పెట్టిన రబ్బరు అలారం బల్బు నొక్కి బయటికి వచ్చేశాను.

ఆ రోజు జరిగిందంతా చెప్తాను. నీకు అందులో పనికొచ్చేవి ఉన్నాయి.

వెళ్లగానే ఒక ఫారం ఇచ్చారు. గుండెలో పేస్‌మేకర్ ఉందా, ఒంట్లో ప్లేట్లు, రాడ్లు, క్లిప్పులు ఉన్నాయా, చెవి మిషన్ ఉందా అని వరసగా ప్రశ్నలు. నేను అన్నిటికీ "లేదు, లేదు" అని గీస్తూ పోయాను. టెక్నీషియన్ అబ్బాయి అది చూసి, "మీరేం పని చేస్తారండీ?" అని అడిగాడు. మోటార్ వైండింగ్ అన్నాను. గ్రైండింగ్ చేస్తారా, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా అన్నాడు. పడింది. నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు కంటి డాక్టరు సూదితో తీశాడు, నీకు గుర్తుందో లేదో. అది చెప్పగానే ఆ అబ్బాయి నన్ను ఆపేశాడు. కంట్లో సన్నని ఇనుప ముక్క మిగిలిపోయి ఉంటే ఆ అయస్కాంతం దగ్గర అది కదిలి చూపే పోవచ్చట. ముందు కళ్లకు ఎక్స్‌రే తీసి, ఏమీ లేదని తేలాకే లోపలికి పంపాడు. ఆ పిల్లవాడికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

కాబట్టి ఆ ఫారం తొందరగా నింపకు. ఒక్కో ప్రశ్న చదువు. చిన్నప్పుడు సల్ఫా మాత్రకు నీకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, అది తప్పకుండా రాయి. నీకు మధ్యలో చేతి నరానికి మందు ఎక్కిస్తారని డాక్టరు చీటీలో ఉంది. గాడోలినియం అనే మందు అది. దానికోసం కిడ్నీ రక్త పరీక్ష అడిగితే చేయించు. మందు ఎక్కేటప్పుడు చెయ్యి చల్లగా అనిపిస్తుంది, కొందరికి నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది. దురద, ఆయాసం లాంటిది ఏ కొంచెం అనిపించినా ఆ క్షణమే చెప్పు. మధ్యలో ఆ సూది మందు ఇస్తున్నారంటే ఏదో కనబడిందని కాదు. అది ముందే రాసి ఉన్న పని.

ఫారం అయ్యాక గౌను వేసుకుని బల్ల మీద పడుకున్నాను. చేతిలో రబ్బరు బల్బు పెట్టి, ఇబ్బందిగా ఉంటే నొక్కండి అన్నారు. చెవుల్లో దూది లాంటివి పెట్టారు. భయమా అని అడిగారు. లేదన్నాను. వయసులో నాకంటే సగం ఉన్న పిల్లల ముందు ఉందని ఎలా చెప్తాననుకున్నాను. బల్ల లోపలికి జరిగింది. అప్పుడు కళ్లు తెరిచాను. మొహానికి జానెడు దూరంలో తెల్లటి కప్పు. రెండు భుజాలకూ గోడలు తగులుతున్నాయి. ఇంతలో డబ డబ డబ మని మొదలైంది. గుండె గొంతులోకి వచ్చింది. నొక్కేశాను.

వెంటనే బల్ల బయటికి వచ్చింది. ఎవరూ విసుక్కోలేదు. "రోజూ ఎవరో ఒకరు నొక్కుతారండీ, దానికోసమే కదా అది ఉంది" అని మంచినీళ్లు ఇచ్చారు. ఆ చప్పుడు ఎందుకొస్తుందో అప్పుడు అడిగాను. ఆ అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు. చెప్పిన తర్వాత నా భయం సగానికి సగం పోయింది. ఎందుకంటే అది నా పనే, అమ్మలూ. కాయిల్స్!

ఆ గొట్టం చుట్టూ పెద్ద అయస్కాంతం ఉంటుంది. దాని లోపల ఇంకొన్ని కాయిల్స్. వాటిలోకి కరెంటును సెకనుకు ఎన్నోసార్లు పంపుతూ, ఆపుతూ ఉంటారు. అయస్కాంతం మధ్యలో ఉన్న తీగలోకి కరెంటు వెళితే తీగ మీద తోపు పడుతుందని నీకు తెలుసు, మన మోటార్లు తిరిగేది దానితోనే. ఇక్కడ కాయిల్స్ గట్టిగా బిగించి ఉంటాయి కాబట్టి తిరగలేవు, అదురుతాయి. ఆ అదురే చప్పుడు. మన షాపులో వార్నిష్ సరిగా పట్టని కాయిల్ గీ మని మోగుతుంది చూడు, అదే సంగతి, కాకపోతే వందల రెట్లు పెద్దది. ఏదీ విరగదు, ఏదీ మీద పడదు. ఒకసారి టక్ టక్, ఒకసారి గర్ర్ మని, ఒకసారి సైరన్ లాగా ఉంటుంది. ఒక్కో రకం చప్పుడు ఒక్కో వరస ఫొటోలు. మధ్యలో నిశ్శబ్దంగా అయిపోతుంది. అయిపోయిందనుకుని తల కదిలించకు, తర్వాతి వరసకు సిద్ధం చేస్తున్నారంతే. గుటక వెయ్యాలన్నా, గొంతు సవరించుకోవాలన్నా ఆ నిశ్శబ్దంలో చేసుకో.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి ఉంది. ఆ పెద్ద అయస్కాంతాన్ని ఆపరు. రాత్రి సెంటరు మూసేసినా, కరెంటు పోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. దాని తీగ నయోబియం, టైటానియం కలిపిన లోహంతో చేసింది. దాన్ని ద్రవ హీలియంలో సున్నా కింద 269 డిగ్రీల చలిలో ముంచి ఉంచుతారు. ఆ చలిలో తీగకు రెసిస్టెన్స్ అనేదే ఉండదు. ఒకసారి ఎక్కించిన కరెంటు అలా తిరుగుతూనే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా వేడెక్కి కాలిపోయిన రాగి తీగలు విప్పి మళ్లీ చుట్టి బతుకుతున్నవాణ్ణి, వేడెక్కని తీగ ఒకటుందంటే ఎంతసేపు ఆలోచించానో! మామూలుగా వాడే మిషన్ అయస్కాంత బలం 1.5 టెస్లా అట, భూమి అయస్కాంత బలానికి దాదాపు 30,000 రెట్లు.

అందుకే ఇనుము విషయంలో అంత గట్టిగా ఉంటారు. జడ పిన్నులు, పిన్నీసులు, మధ్యలో ఇనుప ముక్క ఉన్న జుట్టు రబ్బరు బ్యాండు, వాచీ, ఫోను, ఏటీఎం కార్డు అన్నీ బయటే. బంగారాన్ని అయస్కాంతం లాగదు, అయినా తియ్యమంటారు, ఎందుకంటే దాని చుట్టూ ఫొటో పాడవుతుంది, వేడెక్కే అవకాశమూ ఉంటుంది. నీ ముక్కుపుడక బిగుసుకుపోయి ఉంటుంది. ఇది అందిన రాత్రే సబ్బు నీళ్లతో అమ్మ చేత తీయించుకో, అక్కడ కంగారులో లాగితే రక్తం వస్తుంది. కాటుక, మెరుపు ఉండే మేకప్ ఏదీ వద్దు. కొన్నిటిలో ఇనుప పొడి ఉంటుంది. నాయనమ్మ పంపే తాయెత్తు కూడా లోపలికి తీసుకెళ్లకు. రాగి గొట్టం అది. అమ్మ చేతిలో పెట్టు, నీకోసం ఆవిడే పట్టుకుని కూర్చుంటుంది. అమ్మను లోపలికి రానిస్తామంటే ఆవిడ పుస్తెలతాడు, మట్టెలు, చీర పిన్నీసులు కూడా తీయాలి. ముందే చెప్పాను, మళ్లీ గుర్తు చెయ్యి.

ఇంకొక మాట, ఇది ఎలక్ట్రీషియన్‌గా చెప్తున్నాను. లోపల రెండు చేతులూ కలిపి పట్టుకోకు, కాలి మీద కాలు వేసుకోకు. దండం పెట్టుకోవాలనిపిస్తే మనసులోనే పెట్టుకో. ఒంటికి ఒళ్లు తగిలితే సర్క్యూట్ మూసుకున్నట్టే, రేడియో తరంగాలకు అక్కడ చర్మం కాలవచ్చు. కొంచెం వెచ్చగా అనిపించడం మామూలే. ఒక్కచోట చురుక్కుమని మండితే మాత్రం ఆగకుండా నొక్కు.

నాయనమ్మ "పిల్లకు తలలో కరెంటు పెడతారంట" అని నిన్నటి నుంచీ ఏడుస్తోంది. కరెంటూ పెట్టరు, సీటీ స్కాన్‌లో, ఎక్స్‌రేలో ఉండే రేడియేషనూ ఇందులో లేదు. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే కదా. ఆ నీళ్లలోని హైడ్రోజన్ కణాలు చిన్న చిన్న అయస్కాంతాల్లా ఉంటాయి. పెద్ద అయస్కాంతం వాటిని సర్దుతుంది, రేడియో తరంగాలు వాటిని కదుపుతాయి, అవి మళ్లీ సర్దుకునేటప్పుడు ఇచ్చే సిగ్నల్‌ను పట్టుకుని బొమ్మ గీస్తారు. 1977లో అమెరికాలో డమేడియన్ అనే డాక్టరు బృందం మనిషి ఒంటికి మొట్టమొదటి స్కాన్ తీసినప్పుడు ఒక్క బొమ్మకు దాదాపు 5 గంటలు పట్టిందట. నీకు అరగంట, మందుతో కలిపి ముప్పావు గంట.

ఇప్పుడు అసలు మాట. నాకు నీ భయం తెలుసు. నీకు ఐదేళ్లప్పుడు అత్తయ్య వాళ్లింట్లో దాగుడుమూతలాడుతూ చెక్క బీరువాలో దాక్కుంటే తలుపు బిగుసుకుపోయింది. మేం తీసేసరికి నీ ఒళ్లంతా చెమట, గొంతు పోయింది. ఆ తర్వాత నువ్వు దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ మొన్న నీ సామాను తెచ్చినప్పుడు చూశాను. లిఫ్ట్ ఉన్నా నాలుగో అంతస్తుకు రెండు బ్యాగులు మోసుకుంటూ మెట్లెక్కావు. నేను అడగలేదు. అడగకపోవడం నా తప్పు. "ఏం లేదు" అనే అలవాటు నీకు నా దగ్గర నుంచే వచ్చింది.

ఇది చదవగానే న్యూరాలజిస్ట్‌కు ఫోన్ చేసి, మూసి ఉన్న చోట్లంటే నాకు భయం అని చెప్పు. అవసరమనుకుంటే ఆయనే చిన్న మాత్ర రాస్తారు. పక్కన అమ్మ ఉంటుంది కాబట్టి తర్వాత మత్తుగా ఉన్నా ఫర్వాలేదు. ఎవరి దగ్గరో ఉన్న మాత్ర మాత్రం వేసుకోకు. టెక్నీషియన్‌కు కూడా చెప్పు. మధ్యమధ్యలో మైకులో మాట్లాడమని, ఇంకెన్ని నిమిషాలో చెప్పమని అడుగు. నీది తలకు కాబట్టి మొహం మీదకు పంజరం లాంటిది పెడతారు, ముందే చెప్తున్నాను. అది గాలి ఆపదు, తాళం వెయ్యదు, తల దగ్గర సిగ్నల్ పట్టుకోవడానికి పెట్టిన కాయిల్ అంతే. కొన్నిటికి చిన్న అద్దం ఉంటుంది, అందులో నీ కాళ్ల వైపు గది కనిపిస్తుంది. వద్దనుకుంటే బల్ల కదలకముందే కళ్ల మీద బట్ట వేయించుకో. నేను రెండోసారి అలాగే చేశాను. లోపలికి వెళ్లాక కళ్లు తెరవలేదు.

కళ్లు మూసుకుని ఏం చేశానో తెలుసా? ఒక మోటారు చుట్టాను. 24 స్లాట్ల స్టేటర్, అంటే మోటారులో తిరగకుండా ఉండే భాగం. కాలిపోయిన తీగ కోసి తీశాను, స్లాట్లు శుభ్రం చేశాను, ఇన్సులేషన్ పేపరు దోపాను, కాయిల్ చుట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నువ్వు చిన్నప్పుడు బడి నుంచి రాగానే షాపులో స్టూలు మీద కూర్చుని నాకోసం చుట్లు లెక్కపెట్టేదానివి. డెబ్బై దాటాక తడబడి మళ్లీ మొదటికి వచ్చేదానివి. ఆ రోజు లోపల నీ గొంతే వినపడింది. మిషన్ డబడబలాడుతుంటే చప్పుడుకో చుట్టు వేశాను. వార్నిష్ పెట్టేలోపే అయిపోయిందన్నారు.

నువ్వు మోటారే చుట్టనక్కర్లేదు. పదిహేను చుక్కల ముగ్గు వేసుకో, రైలు గేటు దాటి మన వీధిలో ఒక్కో ఇల్లూ చూసుకుంటూ నడువు. చేతులతో చేసే పనో, కాళ్లతో నడిచే దారో అయితే మనసు నిలుస్తుంది.

బయటికి వచ్చాక టెక్నీషియన్ మొహం చూసి ఏదీ ఊహించుకోకు. వాళ్లు చెప్పకూడదు, చెప్పరు. రేడియాలజిస్ట్ చూసి రిపోర్టు రాయాలి. ఆ కవరు హాస్టల్లో విప్పి ఒక్కో మాటా ఫోన్లో వెతకొద్దు. నా రిపోర్టులో డీజెనరేటివ్ చేంజెస్ అని ఉంటే రాత్రంతా కూర్చున్నాను. పొద్దున డాక్టరు ఈ వయసులో చాలామందికి ఉండేదేనని ఒక్క నిమిషంలో తేల్చేశారు. నీ తలనొప్పి, చేతి తిమ్మిరి ఎందుకో నాకు తెలియదు, ఏమీ ఉండదని నేను ఒట్టు పెట్టలేను. కానీ ఏది ఉన్నా డాక్టరు నోటి నుంచి ముగ్గురం కలిసే విందాం. ఆ రోజు అత్తయ్యను నాయనమ్మ దగ్గర ఉంచి నేను వస్తాను. మాట్లాడేశాను.

బుధవారం పదకొండు గంటలకు కదా నీ టైము. ఆ పొద్దున నేను ఒక స్టేటర్ ముందు పెట్టుకుని కూర్చుంటాను. నువ్వు బయటికి వచ్చావని అమ్మ ఫోన్ చేసేదాకా ఇక్కడ చుట్లు లెక్కపెడుతుంటాను. డెబ్బై దాటాక నువ్వు తడబడితే ఫర్వాలేదు, లెక్క నా దగ్గర ఉంటుంది.

నాన్న

తా.క.: ఏసీ బాగా చల్లగా ఉంటుంది. దుప్పటి అడుగు, ఇస్తారు. ఖాళీ కడుపుతో రమ్మన్నారో లేదో ఇది చదవగానే ఫోన్ చేసి కనుక్కో. రమ్మనకపోతే ఇడ్లీ తినే వెళ్లు.