నాన్న పెట్టెలో పురుగులు

జర్మనీ, డిసెంబరు

అమ్మా,

"మీ వాడు అక్కడేం చేస్తున్నాడంటే పురుగులు పెంచుతున్నాడని చెప్పమంటావా?" అని మొన్న ఫోన్లో కోప్పడ్డావు. నవ్వేశాను గానీ నిజం అదే. నాన్న పుస్తకాల పెట్టె మూత తియ్యగానే మూడు తోకలేసుకుని జర్రున పారిపోతాయే, వెండి రంగువి, వాటి చుట్టాల్నే పెంచుతున్నాను.

మగ్గిన అరటిపండు మీద ముసిరే ఈగలున్నాయి కదా, 1910లో మోర్గాన్ అనే అమెరికా శాస్త్రవేత్త వాటిలో తెల్లకళ్ల ఈగను చూసిన దగ్గర్నుంచి వందేళ్లుగా జనం వాటి వెంటే పడ్డారు. ఏ జన్యువు చెడితే రెక్క ఎదగదో కూడా తెలుసు. కానీ పురుగులకు అసలు రెక్కలెలా వచ్చాయో తెలియాలంటే, రెక్కలు పుట్టకముందే వేరుపడిన వంశం కావాలి. అది వీటిది.

ఈగ మీద పనంటే నిఘంటువున్న భాష చదవడం. వీటి మీద పనంటే మన పర్లాకిమిడిలో గిడుగు వారు సవర భాష నేర్చుకున్నట్టు, ఒక్కో మాటా రాసుకుంటూ వ్యాకరణం మనమే కట్టుకోవాలి. (ఆయనతో పోల్చుకుంటున్నానని తిట్టకు.)

బయట మంచు. వీటికి మాత్రం 37 డిగ్రీలుండాలి, మన మే నెల లెక్క. గుడ్లు దూదిలో దాచిపెడతాయి. గుడ్డు వయసు తెలియాలి కాబట్టి రోజూ దూది మార్చి, పాతది మైక్రోస్కోపు కింద పోగు పోగూ విప్పి, సన్న కుంచెతో ఒక్కో గుడ్డూ ఏరాలి. మిల్లీమీటరు పొడవుంటుంది. జన్యువు మార్చడానికి గాజుసూది గుచ్చితే సగం అక్కడే పగిలి సొన కారిపోతాయి. ఈగకు పది రోజుల్లో ఒక తరం, వీటికి నెలలు. అందుకే ఏడాదైనా చూపించడానికి ఏమీ లేదు. పోయిన నెల శని ఆదివారాలు తేమ కోసం పెట్టే పళ్లెంలో నీళ్లు పొయ్యడం మరిచాను. సోమవారం చూస్తే గుడ్లన్నీ ఎండిన నువ్వుగింజల్లా ముడుచుకున్నాయి. ఆ రోజు నీకు ఫోన్ చెయ్యలేదు, గుర్తుందా?

నిన్న మాత్రం సూది గుచ్చిన గుడ్లలో పదకొండు పిల్లలయ్యాయి. తెల్లగా, మెత్తగా, కదులుతున్నాయి. వాటికి చేపల తిండి పొడి చల్లి ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

పెట్టెలో కలరా ఉండలు వెయ్యడం మానకు. నా పురుగులు వేరు, నాన్న పుస్తకాలు వేరు.

నీ
చిన్నోడు