మా పిన్‌కోడుకు డెలివరీ ఉంది, పికప్ లేదట!

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మీ వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్ గురించి, అంతకన్నా ఎక్కువగా మీ కస్టమర్ కేర్ గురించి.

ఆర్డర్ నంబరు రాయడం లేదు. మీవాళ్లకు ఇప్పటికే లెక్కలేనన్ని సార్లు చెప్పాను. ఒక్కరైనా రాసిపెట్టుకుని ఉంటే మీకు దొరుకుతుంది. దొరక్కపోతే నా బాధేమిటో మీకు అక్కడే అర్థమవుతుంది.

మీ వెబ్‌సైట్ అడుగున సన్నటి అక్షరాల్లో మీ హోదా, చిరునామా కనిపించాయి. అక్కడ నిజంగా ఒక మనిషి కూర్చుని ఉంటారన్న నమ్మకంతో రాస్తున్నాను. ఇప్పటిదాకా నాతో మాట్లాడినవాళ్లలో కొందరు యంత్రాలు. మిగతావాళ్లు మనుషులే గానీ, ఆ యంత్రం చెప్పిన మాటే మళ్లీ చెప్తారు.

మా అబ్బాయికి వాళ్ల మేనమామ టీవీకి పెట్టి ఆడుకునే గేమ్ కన్సోల్, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కొనిచ్చాడు. టీవీ ఉన్న గదిలోనే మా అత్తమ్మ పడుకుంటారు. రాత్రిపూట వాడు ఆటలో తుపాకులు పేలుస్తుంటే ఆవిడ ఉలిక్కిపడి లేస్తున్నారు. ఇంతకుముందు వైరున్న హెడ్‌సెట్ ఒకటి కొన్నాం. కంట్రోలర్ దగ్గర వైరు మడతపడీ మడతపడీ ఒక చెవిలో సౌండ్ పోయింది. అందుకని ఈసారి చార్జింగ్ పెట్టుకునే వైర్‌లెస్‌దే కొనాలనుకున్నాం.

మీ సైట్‌లో ఒకే రంగు, ఒకే ధర, ఒకే ఫొటోతో రెండు ఉన్నాయి. పేరు చివర ఒక్క అక్షరం తేడా. ఏది కొనాలో తెలియక మీ చాట్‌లోనే అడిగాను. "మా ఇంట్లో ఎక్స్‌బాక్స్ ఉంది, దీనికి ఏది పనిచేస్తుంది?" అన్నాను. "రెండూ ఒకటే మేడమ్, అన్ని కన్సోళ్లకూ పనిచేస్తాయి, స్టాక్ ఉన్నది తీసుకోండి" అని జవాబు వచ్చింది. స్క్రీన్‌షాట్ ఈ లేఖకు జతచేశాను. మీ మాట మీదే స్టాక్ ఉన్నది తీసుకున్నాను. పనిచేయలేదు. వస్తువు సంగతి ఇంతే. ఇక మీవాళ్ల సంగతి వినండి.

ఫోన్ చేస్తే తెలుగు కోసం మూడు నొక్కమంది. నొక్కాను. హిందీలో పలికారు. వరంగల్ వాళ్లకు హిందీ కొత్త కాదు, మాట్లాడాను. "చార్జింగ్ పెట్టారా మేడమ్?" అన్నాడు. పెట్టాం. "ఫుల్‌గా పెట్టారా?" పెట్టాం. "అయినా మళ్లీ నాలుగు గంటలు పెట్టి చేయండి" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఇంకొకరు ఎత్తారు. ఆవిడా చార్జింగ్ దగ్గరే మొదలుపెట్టింది. చార్జింగ్ బ్రహ్మాండంగా ఎక్కుతోందమ్మా, హెడ్‌సెట్ కలవడానికి కన్సోల్‌కు గుచ్చే చిన్న ముక్క, ఆ డాంగిల్‌నే ఎక్స్‌బాక్స్ గుర్తుపట్టడం లేదు అని చెప్తే, "ఓకే మేడమ్, అర్థమైంది, ఎంతసేపు చార్జింగ్ పెట్టారు?" అంది.

తర్వాత వీడియో అడిగారు. డాంగిల్ గుచ్చి, తెల్ల లైటు టపటపా కొట్టుకుని ఆరిపోవడం స్పష్టంగా కనబడేలా మా అబ్బాయి తీశాడు. మీరిచ్చిన లింకులో పెడితే ఫైలు పెద్దదైందంది. చిన్నది చేసి పంపితే వీడియో క్లియర్‌గా లేదని మెయిలొచ్చింది.

చివరికి హనుమకొండ చౌరస్తా దగ్గర మొబైల్ షాపుకు పట్టుకెళ్లాను. అక్కడి పిల్లాడు పెట్టె తిప్పి చూసి, "అక్కా, ఇది ప్లేస్టేషన్ అని వేరే కన్సోల్‌ది. దీని డాంగిల్ ఎక్స్‌బాక్స్‌కి నడవది. ఎక్స్‌బాక్స్ బ్లూటూత్‌ల సౌండ్ పంపది, దాని వైర్‌లెస్ దానిదే వేరే ఉంటది. పెట్టె మీద ఎక్స్‌బాక్స్ కోసం అని ఉన్నదే కొనాలె" అన్నాడు. ఒక్క రూపాయి తీసుకోలేదు. మీ కంపెనీలో జీతాలు తీసుకునేవాళ్లెవరికీ తెలియని ముక్క ఆ పిల్లాడు టీ తాగుతూ చెప్పాడు.

ఇదే మీవాళ్లకు చెప్తే మాట మారింది. "మీరు తప్పు వేరియంట్ ఎంచుకున్నారు మేడమ్." నేనా ఎంచుకుంది? స్క్రీన్‌షాట్ పంపాను. "ఆ చాట్ మా సిస్టమ్‌లో కనిపించడం లేదు" అన్నారు. ఇంకొకాయన మహా ఉదారంగా, "పెట్టెలో వైరు ఇచ్చాం కదా, కంట్రోలర్‌కి పెట్టుకుని వాడుకోండి" అన్నాడు. వైరు లేనిదానికని అంత డబ్బు పోసింది వైరు పెట్టుకుని వాడటానికా?

మీ సర్వీస్ సెంటర్‌కూ వెళ్లాను. సెలవు పెట్టుకుని, కాజీపేటలో రైలెక్కి, హైదరాబాద్ దాకా. టోకెన్ తీసుకుని కూర్చుంటే పిలిచారు. హెడ్‌సెట్‌ను వాళ్ల కంప్యూటర్‌కి పెట్టి పాట వినిపించి, "బాగానే ఉంది కదా మేడమ్, పాడైతేనే మేం తీసుకుంటాం" అన్నారు. పాడైన వస్తువు కొనుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఇప్పుడు అసలు ముచ్చటకొస్తాను. ఎలాగో ఒక సీనియర్ గారు దయతలచి మార్పిడికి ఒప్పుకున్నారు, ఫోన్లోనే. కొరియర్ అబ్బాయి వస్తాడు, ప్యాక్ చేసి ఉంచండన్నారు. ఉంచాను. ఎవరూ రాలేదు. అడిగితే "మీ పిన్‌కోడుకు పికప్ సర్వీస్ లేదు" అన్నారు. నేను పోస్టాఫీసు కౌంటర్‌లో పనిచేస్తాను. 1972 ఆగస్టు 15 నుంచి ఈ దేశంలో నడుస్తున్న పిన్‌కోడ్ల గురించి నాకు పాఠం చెప్పారు మీవాళ్లు! 506001 అంటే అడవి కాదు, హనుమకొండ. డబ్బు కట్టగానే హెడ్‌సెట్ ఈ 506001కే వచ్చిందిగా? వచ్చేటప్పుడు ఉన్న రోడ్డు పోయేటప్పుడు ఏమైంది?

గట్టిగా నిలదీస్తే, "అడ్రస్‌లో జిల్లా మ్యాచ్ అవడం లేదు" అన్నారు. మీ ఫారంలో ఇంకా వరంగల్ అర్బన్ అనే ఉంది. 2021లోనే అది హనుమకొండ జిల్లా అయింది. సరే, మీ తృప్తి కోసం వరంగల్ అర్బనే నొక్కాను. అప్పుడు బిల్లు మీది అడ్రస్‌తో కలవడం లేదంటూ తిప్పికొట్టారు.

ఆ తర్వాత వచ్చింది మీ మెసేజ్: "కస్టమర్ నుంచి స్పందన లేనందున మీ ఫిర్యాదు టికెట్ మూసివేశాం. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" స్పందన లేనిది నా నుంచా? నా కౌంటర్‌కు ముసలివాళ్లు పింఛను కోసం వస్తారు. వేలిముద్ర పడకపోతే చెయ్యి తుడిపించి, ఇంకో వేలు పెట్టించి, పడేదాకా చూస్తాం. "మీ నుంచి స్పందన లేదు, వెళ్లండి" అని కిటికీ మూస్తే మా ఆఫీసు ముందు ధర్నా అవుతుంది.

మీతో మాకు కొత్త పరిచయమేం కాదు. మా ఆయన చెవుల్లో మీ ఇయర్‌ఫోన్లే. ఇంట్లో పవర్‌బ్యాంకు మీదే. సద్దుల బతుకమ్మకు మా వాడకట్టులో మోగేది మీ స్పీకరే. నేను చెప్పానని మా ఆఫీసులో ఎంతోమంది మీ సరుకు కొన్నారు. ఇప్పుడు వాళ్లే "ఏమైంది మేడమ్, మీ కంపెనీవాళ్లు ఫోన్ చేశారా?" అని నవ్వుతున్నారు.

నేనూ కొంచెం చదువుకున్నాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందిందని చెప్పాల్సింది, నెలలోపు పరిష్కరించాల్సింది మీరే, మీ పేరు మీదున్న ఈ హోదానే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నేను ఉన్న చోటే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. నేను మీ ఊరికి రానక్కర్లేదు, మీరే మా వరంగల్‌కు రావాలి. అప్పుడు మీ లాయరు గారికి మా పిన్‌కోడ్ దొరుకుతుందో లేదో చూద్దాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడానికైతే లాయరు కూడా అక్కర్లేదు.

ఎక్స్‌బాక్స్‌ది పంపుతారో, డబ్బే వాపస్ ఇస్తారో మీ ఇష్టం. మొదట్లో అది చాలనుకున్నాను. ఇప్పుడు చాలదు. ఆ టికెట్‌ను "స్పందన లేదు" అని మూసినవాళ్లు, అది అబద్ధమని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నా సెలవు, రైలు ఖర్చు సంగతి వినియోగదారుల కమిషన్ ముందు మాట్లాడుకుందాం. అంకె ఇక్కడ రాయను.

జవాబు కాగితం మీదే పంపండి. ఫోన్ చేస్తే ఎత్తను.

ఇట్లు,
హనుమకొండ నుంచి మీ పాత కస్టమర్

జతపరచినవి: చాట్ స్క్రీన్‌షాట్, బిల్లు కాపీ, టికెట్ మూసిన మెసేజ్.

తా.క.: ఇది స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, నా కౌంటర్‌లో నేనే బుక్ చేసి. ఎక్కడిదాకా వచ్చిందో, ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారో నాకు తెలుస్తూనే ఉంటుంది. అందలేదని మాత్రం అనకండి.