పుట సంఖ్యలు కుదిరాయి: ద్వారకానగర్‌లో ఆ రాత్రి నా పక్కన కూర్చున్న పెద్దాయనకు కృతజ్ఞతలు

నిన్న మధ్యాహ్నం మూడున్నరకు నా సిద్ధాంత గ్రంథం ఐదు ప్రతులనూ విశ్వవిద్యాలయ కార్యాలయంలో తీసుకున్నారు. ఈసారి తిప్పిపంపలేదు. రసీదు చేతిలో పడ్డాక బయటికి వచ్చి మెట్ల మీదే చాలాసేపు కూర్చుండిపోయాను. ఇరవై రోజులుగా సరైన నిద్ర లేదు కాబట్టి ఈ రాతలో తడబాట్లుంటే మన్నించండి. నిద్రపోయి లేచాక రాస్తే ఈ మాటలు ఇలా రావన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

నేను మధురవాడ వైపు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. విశాఖ తీరపు జాలరుల పలుకుబడిలో వలలకూ పడవ భాగాలకూ ఉన్న పేర్ల మీద ఆరేళ్ళుగా, బడి పని చేసుకుంటూనే, పరిశోధన చేశాను. జాలరిపేటలో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఒక్కొక్క మాటనూ నాలుగుసార్లు చెప్పించుకుని రాసుకోవడం నాకు ఎన్నడూ కష్టమనిపించలేదు. అలా 312 పుటలు రాసిన నన్ను ఆ 312 పుటలకూ అడుగున అంకె వేయవలసిన పని ఏడిపించింది.

నియమం వినడానికి చిన్నదే. ముఖపత్రం మీద సంఖ్య కనిపించకూడదు. ధ్రువపత్రం, ప్రమాణపత్రం, కృతజ్ఞతలు, విషయసూచిక ఉన్న పుటలకు చిన్న రోమన్ అంకెలు ఉండాలి. మొదటి అధ్యాయం ఒకటితో మొదలై, చివరి అనుబంధం దాకా వరుస తెగకూడదు. వెడల్పు పట్టికల కోసం అడ్డంగా తిప్పిన పుటలలో కూడా, పుస్తకాన్ని నిలువుగా పట్టుకుని చూస్తే, సంఖ్య మిగతా పుటలలో ఉన్నచోటే కనిపించాలి. నా గ్రంథంలో అలాంటి పుటలు పదకొండు ఉన్నాయి.

నా అజ్ఞానం ఎంతటిదో దాచుకోను. మొదట్లో అయిదో పుట అడుగున 5 అని నేనే టైపు చేశాను. గ్రంథంలోని ప్రతి పుట మీదా 5 ప్రత్యక్షమయింది. తర్వాత వర్డ్‌లో పేజీ నంబర్ అనే సౌకర్యం ఉందని మా పదో తరగతి విద్యార్థిని ఒకతె చెప్పింది. దానితో ముఖపత్రం మీద ఒకటి వచ్చి కూర్చుంది. దాన్ని చెరిపేస్తే మొత్తం గ్రంథంలో ఉన్న సంఖ్యలన్నీ పోయాయి. డీటీపీ చేసిన అబ్బాయి ఏడు అధ్యాయాల ఫైళ్ళనూ ఒక్కటిగా కలిపినప్పుడు ప్రతి అధ్యాయమూ మళ్ళీ ఒకటితోనే మొదలయింది. వీటన్నిటికీ తోడు గ్రంథమంతా ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంటులో ఉంది. ఆ ఫాంటు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను అమర్చుకుంటుంది. రోమన్ అంకెలంటే ఇంగ్లీషు అక్షరాలే కనుక, వాటిని అడిగినచోట ఏ గుణింతానికీ చెందని గుడులూ ఒత్తులూ వచ్చాయి. నా ప్రమాణపత్రం అడుగున మూడు ఒత్తులు వరుసగా నిలబడి ఉండటం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మూడుసార్లు తిప్పిపంపారు. మొదటిసారి రోమన్ అంకెలు లేవని, రెండోసారి మూడో అధ్యాయం మళ్ళీ ఒకటితో మొదలయిందని, మూడోసారి అడ్డం పుటలలో సంఖ్య పక్కకు పోయిందని. మూడు తప్పులూ మొదటి రోజునే కనిపించేవే కదా, ఒక్కసారే చెప్పి ఉంటే నేను ఐదేసి ప్రతులు మూడు విడతలుగా బైండు చేయించుకుని ఉండేదాన్ని కాదు. మాకు ఇచ్చిన నియమావళిలో దీని గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: పుట సంఖ్యలు నిర్దేశించిన విధంగా ఉండవలెను. అంతకుమించి ఏమీ లేదు. ఒక నమూనా ఫైలు తయారుచేసి ఇస్తే, ప్రతి ఏడాదీ ఎందరు పరిశోధకుల రాత్రులు మిగులుతాయో ఎవరూ ఆలోచించినట్టు లేదు. మరొక మాట కూడా చెప్పాలి, కోపంతోనే చెబుతున్నాను. ఆ నియమావళి నాలుగు పుటలు. వాటిలో ఒక్కదాని మీదా పుట సంఖ్య లేదు.

గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు ద్వారకానగర్‌లోని జిరాక్సు దుకాణంలో ఉన్నాను. మర్నాటితో గడువు ముగుస్తుంది. దుకాణంలో పనిచేసే అబ్బాయి గంటసేపు ప్రయత్నించి, “నా వల్ల కాదు మేడమ్” అని నిజాయితీగా చెప్పేశాడు. ఆ మాట వినగానే, అంతమంది ఎదుట, నాకు దుఃఖం ఆగలేదు. నా వెనక ఒక పెద్దాయన ఏవో ఆసుపత్రి బిల్లులు పట్టుకుని తన వంతు కోసం ఎదురుచూస్తున్నారు. డెబ్బై ఏళ్ళు ఉంటాయేమో, చేతికి ఇడ్లీల పొట్లం తగిలించుకుని ఉన్నారు. ఊరుకోమని గానీ బాధపడవద్దని గానీ ఆయన అనలేదు. “ఏటైందమ్మా, ఓపాలి చూడనీ” అంటూ అబ్బాయిని లేపి ఆ కుర్చీలో కూర్చున్నారు. ఓడల పనికి సంబంధించిన టెండరు పత్రాలు టైపు చేసే ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు గడిపి విరమించారని తర్వాత మాటల్లో తెలిసింది.

ఆయన మొదట చేసిన పని పేరాగ్రాఫు గుర్తులు కనిపించే బటన్ నొక్కడం. అంతవరకు తెల్లగా ఉన్న తెర మీద చుక్కలూ గీతలూ బయటపడ్డాయి. రోమన్ అంకెలు రావలసిన ముందు పుటలకూ మొదటి అధ్యాయానికీ మధ్య ఉన్న గీతను చూపించి, “ఇది వట్టి పేజీ బ్రేకు. పేజీ తిప్పుతాది గానీ లెక్క మార్చదు. మీకు కావాల్సింది సెక్షన్ బ్రేకు” అన్నారు. ముందు పుటలు ముగిసిన చోట, మొదటి అధ్యాయానికి సరిగ్గా ముందు, తర్వాతి పుటలో మొదలయ్యే సెక్షన్ బ్రేకును, అంటే గ్రంథాన్ని వేరువేరు భాగాలుగా విడగొట్టే గుర్తును, పెట్టారు. తర్వాత పుట అడుగుభాగం మీద రెండుసార్లు నొక్కి, అక్కడ వెలుగుతున్న లింక్ టు ప్రీవియస్ అనే బటన్‌ను చూపించారు. నా నెలల బాధకు మూలం అదే. ప్రతి భాగమూ వెనకటి భాగానికి తగిలించి ఉంటుంది కనుక, ఒకచోట చెరిపినది అన్నిచోట్లా చెరిగిపోతోంది. దాన్ని ఆయన చెప్పిన తీరు నేను మరచిపోలేను. “మన విశాఖ స్టేషన్లో బళ్ళకి ఇంజను ఈ కొస నుంచి తీసి ఆ కొసకి తగిలిస్తారు గదా తల్లీ. కప్లింగు విప్పకుండా ఇంజను లాగితే ఏటవుతాది? బండంతా కూడా వచ్చేస్తాది. ముందు కప్లింగు విప్పు, తర్వాత లాగు.” పుట తలభాగానికీ అడుగుభాగానికీ కప్లింగులు వేరువేరుగా ఉంటాయనీ, రెండూ చూసుకోవాలనీ కూడా ఆయనే చెప్పారు.

మొదటి అధ్యాయానికి ఒకటితో మొదలుపెట్టమని, రెండో అధ్యాయం నుంచి వెనకటి భాగాన్ని కొనసాగించమని ఎలా చెప్పాలో ఆయన ఒకసారి చేసి చూపించారు. రోమన్ అంకెలున్న చోట ఫాంటును టైమ్స్ న్యూ రోమన్‌కు మార్చగానే ఒత్తులు పోయి అంకెలు నిలబడ్డాయి. నేను తొందరపడి ఒక సెక్షన్ బ్రేకును చెరపబోతే నా చెయ్యి ఆపారు. బ్రేకుకు ముందున్న భాగపు అమరిక అంతా దాని చివర ఉన్న ఆ గీతలోనే దాగి ఉంటుందట, అది చెరిపితే ఆ భాగం తర్వాతి భాగపు అమరికలోకి వెళ్ళిపోతుందట. ఆరేళ్ళ పరిశోధనలో ఇంత స్పష్టంగా నాకెవరూ ఏదీ బోధించలేదు.

అడ్డం పుటల దగ్గరకు వచ్చేసరికి రాత్రి పది దాటింది. మొదటి పట్టికకు ముందొకటి, తర్వాత ఒకటి సెక్షన్ బ్రేకు పెట్టి, కప్లింగు విప్పి, పుట సంఖ్యను చిన్న టెక్స్ట్ బాక్సులో నిలువుగా తిప్పి పక్క అంచున నిలబెట్టారు. అప్పుడు లేచి నిలబడి, “మిగతా పది మీరు చెయ్యండి” అన్నారు. నాకు భయం వేసి, మీరే చేసేయండి, త్వరగా అయిపోతుంది అని బతిమాలాను. “రేపు మళ్ళీ తిప్పి పంపితే నన్నెక్కడని వెతుకుతారు? మౌసు మీరే పట్టుకోండి.” నా చేతులు వణుకుతున్నాయి, ఆయన మాత్రం గంటకు పైగా నా పక్కనే స్టూలు మీద కూర్చుని, తప్పు చేసినప్పుడల్లా “కప్లింగు” అని ఒక్క మాట అంటూ ఉన్నారు. ఆఖరికి విషయసూచిక మీద నిలిచి, అందులోని సంఖ్యలను సరిచేసే ఎఫ్ 9 మీట నొక్కించారు. అన్ని సంఖ్యలూ ఒక్కసారి సరిపడి కనిపించిన ఆ క్షణంలో మళ్ళీ ఏడ్చాను. అప్పుడు ఆయన పొట్లం విప్పి, చల్లారిపోయిన ఇడ్లీలలో రెండు నాకు పెట్టారు. షుగరున్న మనిషి, భోజనం వేళ ఎప్పుడో దాటిపోయింది. పేరు అడిగితే, “పేరుతో పనేటమ్మా” అని నవ్వి వెళ్ళిపోయారు.

మా వారు, పిల్లలు, మా అత్తగారు ఈ ఆరేళ్ళూ చేసినదానికి వేరే చెప్పాలా, వాళ్ళకు తెలుసు. మా పర్యవేక్షకులకు నమస్కారాలు గ్రంథంలోనే ఉన్నాయి.

దుకాణం షట్టరు సగం దించి పదకొండున్నర దాకా మా కోసం ఆగిన యజమానికి, తన కుర్చీ వదిలి మాకు టీ తెచ్చిన ఆ అబ్బాయికి కృతజ్ఞతలు. లాప్‌టాప్ ఇచ్చి వారం రోజులు తిరిగి అడగని మా పక్కింటి పిన్నిగారికి కూడా. పేజీ నంబర్ అన్న మాట మొదట చెప్పిన మా విద్యార్థినికి, పరీక్షలు దగ్గరపడుతున్నా నా క్లాసులు రెండు తీసుకున్న మా లెక్కల మాస్టారికి కూడా.

పెద్దాయనా, ఇది మీ కంట పడుతుందో లేదో తెలియదు. ఆ మెట్లన్నీ మీరు నాకు ఒక కాగితం వెనక రాసిచ్చారు. ఇంటికి వచ్చాక తిప్పి చూస్తే అది మీ బిల్లుల జిరాక్సులో ఒక పుట, మూలన పెన్నుతో 4 అని మీరే వేసుకున్నది. మీ కట్టలో మూడు తర్వాత అయిదు వస్తోందన్నమాట. దానికి మరో ప్రతి తీయించి, కవరులో పెట్టి, ఆ దుకాణంలోనే ఇచ్చి ఉంచాను. మీ చేతిరాత ఉన్నది మాత్రం నేను ఇవ్వను.

ఇది పెట్టేయబోతుండగా గుర్తొచ్చింది: డాబాగార్డెన్స్‌లో బైండింగు చేసే భాయి, నాలుగోసారి ఐదు ప్రతులకూ అట్టల ఖర్చు మాత్రమే తీసుకున్నారు. వారికి కూడా నా నమస్కారాలు.