దుకాణం ఎవరిదన్నది సరే, వైద్యం ఎవరిది?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మత్తు రహిత సమాజం గురించి వచ్చిన వార్త చూశాను. రాద్దామనుకుంటూనే రోజులు గడిచిపోయాయి. బడి పిల్లల చేత ఎండలో ప్రతిజ్ఞ చేయించారట, సంతోషం. పదేళ్ల పిల్లలు తాగబోమని మాటిచ్చారు. తాగుడు మానాలనుకునే నలభై ఏళ్ల మనిషి విజయవాడలో ఏ గుమ్మం ఎక్కాలో మాత్రం ఆ వార్తలో ఒక్క ముక్క లేదు. అధికారులు చెప్పలేదో, మీ విలేకరి అడగలేదో.

నంబర్లకేం లోటు లేదు. గంజాయి సమాచారం ఇవ్వాలంటే మత్తుమందుల కట్టడికి రాష్ట్రం పెట్టిన పోలీసు విభాగం ఈగల్ వాళ్ల 1972, మానాలనుకుంటే కేంద్రం వాళ్ల 14446. మద్యం అమ్మకం ఎక్సైజ్‌ది, ఆసుపత్రి వైద్యారోగ్య శాఖది. మత్తు మాన్పించే కేంద్ర కార్యక్రమం నషా ముక్త్ భారత్ అభియానేమో విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖది. ట్రైసైకిళ్లూ వినికిడి యంత్రాలూ పంచే శాఖ నెత్తిన ఇదీ పెట్టారు. ఇంతమంది ఉన్నారు కాబట్టే ఎవరిని అడిగినా "అది మాది కాదండీ" అనడం తేలికైపోయింది.

మా బంధువుల అబ్బాయి ఒకడు ఉన్నట్టుండి మందు మానేశాడు. ఇంట్లో అందరూ పండగ చేసుకున్నారు. మర్నాటికి చేతుల వణుకు, చెమటలు, ఆ రాత్రికి ఫిట్స్. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చనీ, ఆ తర్వాత మతి తప్పి ప్రాణం మీదకి కూడా రావచ్చనీ, డాక్టరు చూస్తుండగా మాత్రలూ బి1 విటమినూ ఇచ్చి మానిపించాలనీ అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు. తీసుకెళ్లిన ఆసుపత్రి పేరెందుకు లెండి, సెలైన్ పెట్టి, సైకియాట్రీ డాక్టరు ఎల్లుండి ఓపీకి వస్తారు, అప్పుడు రండి అన్నారు. "తాగి తెచ్చుకున్న రోగమేగా" అని నర్సమ్మ విసుక్కోవడం అదనం. షుగరు వచ్చినవాణ్ని స్వీట్లు తిన్నావుగా అని ఇంటికి పంపించేస్తారా?

గతిలేక ఊరి బయట ఒక ప్రైవేటు కేంద్రానికి వెళ్తే మూడు నెలల డబ్బు ముందే కట్టాలన్నారు. నెల దాటేదాకా ఇంటివాళ్లు చూడకూడదు, ఫోను కూడా కుదరదు. రిజిస్ట్రేషన్ ఏదండీ అంటే సొసైటీల చట్టం కింద తెచ్చుకున్న కాగితాన్ని ఫ్రేము కట్టించి చూపించారు. అలాంటి కాగితం మా అపార్ట్‌మెంట్ సంఘానికీ ఉంది! 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా వ్యాధి కిందే లెక్కగట్టింది. అలాంటివాళ్లను చేర్చుకుని వైద్యం చేసే చోటు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలి. ఎవరినీ గొలుసులతో కట్టకూడదు. ఫిర్యాదులు వినడానికి రివ్యూ బోర్డులుండాలి. సరే, అలా నమోదైనవి మన జిల్లాలో ఏవి? వార్డు సచివాలయంలో అడిగితే నన్నే ఎగాదిగా చూశారు.

ఎయిమ్స్ వాళ్లు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన సర్వే 2019లో బయటికొచ్చింది. మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స దొరుకుతోందట. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకోగలిగింది 180 మందికి ఒక్కరు. మిగతావాళ్లు మొక్కులూ తాయెత్తులూ నాటుమందులతో సరిపెట్టుకోవాలి కాబోలు.

డబ్బు లేదనడానికి వీల్లేదు. 2024లో 3,396 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిస్తే, ఒక్కో దరఖాస్తుకూ కట్టించుకుని తిరిగి ఇవ్వని 2 లక్షల రుసుము మీదే దాదాపు 1,800 కోట్లు వచ్చిపడ్డాయి. పైగా మత్తు బాధితుల పునరావాసం పేరు చెప్పి డ్రగ్ రిహాబిలిటేషన్ సెస్ అని 2 శాతం వేశారు. ఆ సెస్సు ఏ ఆసుపత్రిలో ఎన్ని మంచాలైందో, ఎందరు డాక్టర్లయిందో చెప్పడానికి ప్రెస్ మీట్ పెట్టరేం? 99 రూపాయల క్వార్టర్ మాత్రం పొద్దున పదింటి నుంచి రాత్రి పదింటి దాకా ఠంచనుగా దొరుకుతుంది.

ఇది ఒక పార్టీ సంగతి కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. 2019లో ప్రభుత్వమే దుకాణం తెరిచింది, 2024లో మళ్లీ ప్రైవేటుకిచ్చింది. ఇన్నేళ్లూ ఎవరు అమ్మాలన్న మీదే కొట్లాట. అసెంబ్లీలో బాటిళ్ల బ్రాండ్ల మీద జరిగినంత చర్చ వార్డుల్లో మంచాల మీద ఏనాడైనా జరిగిందా?

కలెక్టరు గారిని కోరేది పెద్దదేం కాదు. నమోదైన కేంద్రాల పేర్లు, ప్రభుత్వాసుపత్రిలో ఈ రోగులకున్న మంచాలు, సైకియాట్రీ ఓపీ రోజులు, రాత్రిపూట ఫోనెత్తే నంబరు ప్రతి వైన్ షాపు ముందూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి పెట్టండి. ఒక ఫ్లెక్సీ ఖర్చు. దాని మీద ఎవరి ఫోటో వేసుకున్నా మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ