వందకి వంద వచ్చిన సైట్‌లో తేదీ ఎంచుకోలేకపోయాను

సంపాదకులకు నమస్కారం.

ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నీటికాసుల వల్ల తొమ్మిదేళ్ల కిందట చూపు పోయింది. తెర మీదున్నది ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చదివి వినిపిస్తుంది. మౌసుతో నాకు పని లేదు, అన్నీ ట్యాబ్, ఎంటర్, బాణం మీటలతోనే.

పోయిన నెల మన ఊళ్లోనే ఒక ఆసుపత్రికి వెళ్దామని వాళ్ల వెబ్‌సైట్ తెరిచాను. పేరు, ఫోను నంబరు నింపాను. తేదీ దగ్గర ఆగిపోయాను. క్యాలెండర్‌లో అంకెలు వినబడతాయి గానీ ట్యాబ్ వాటి మీద నిలవదు, ఎంటర్ నొక్కినా పలకవు. తెలుగు పేజీకి మారిస్తే ఇంగ్లీషు గొంతు మన అక్షరాలన్నీ వదిలేసి అంకెలు మాత్రం చదివింది. చివరికి పక్కింటి అమ్మాయిని పిలిచి, నా జబ్బేమిటో ఆ పిల్లకి చెప్పి నింపించుకున్నాను. ఆ పూట చాలా బాధపడ్డాను.

ఫిర్యాదు చేస్తే, వికలాంగులు కూడా వాడుకోగలరా అని చూసే యాక్సెసిబిలిటీ పరీక్షలో తమ సైట్‌కి వందకి వంద వచ్చిందన్నారు. మధురవాడలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మా మనవడు క్రోమ్ బ్రౌజర్‌లో ఉండే లైట్‌హౌస్ అనే తనిఖీ సాధనంతో చూశాడు. నిజంగానే వంద! ఆ పరీక్ష, బొమ్మకి వివరణ ఉందా, అక్షరాలకీ వెనక రంగుకీ తేడా సరిపోయిందా, పేజీ ఏ భాషో రాశారా అని చూస్తుంది. రాశారు, తెలుగు పేజీకి కూడా ఇంగ్లీషనే. రాసి ఉంది కాబట్టి మార్కు పడింది. తేదీలనేమో బటన్లుగా కాకుండా మౌసు క్లిక్కుకి మాత్రమే పనిచేసే గళ్లుగా పెట్టారు. యంత్రానికి అవి మామూలు అంకెలే.

పదో తరగతి పేపర్లు దిద్దినదాన్ని. బిట్ పేపర్ మార్కులు చూసి పిల్లవాడు వ్యాసం కూడా బాగా రాశాడని ఎవరూ అనరు. యంత్రం పట్టేవి కొన్ని లోపాలే, మనుషులు కూడా పరీక్షించాలని ఆ లైట్‌హౌస్ నివేదికలోనే ఉందట, మనవడు చదివి వినిపించాడు. యంత్రాన్ని మానేయమనను. వందల పేజీలు, రోజూ మార్పులు, అన్నీ మనుషులే చూడలేరు. కానీ మార్కు రాగానే పని అయిపోయిందనుకోవడమే తప్పు.

డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. కేవైసీ, అంటే ఖాతాదారుల గుర్తింపు తనిఖీ, చేసే సంస్థలు కొత్త యాప్, వెబ్‌సైట్ తెచ్చేటప్పుడు అంధుల చేత కూడా పరీక్ష చేయించాలన్నది ఆ తీర్పులోని ఆదేశాల్లో ఒకటి. ఆసుపత్రులూ బిల్లులు కట్టించుకునే సంస్థలూ కోర్టు చెప్పేదాకా ఆగకుండా ఆ పని చేయాలి.

విశాఖలో ఎవరు పిలిచినా నేను వస్తాను, డబ్బు అక్కర్లేదు. కీబోర్డు ఇచ్చి అరగంట కూర్చోనిస్తే చాలు. ఆ క్యాలెండర్ సంగతి మొదటి నిమిషంలోనే చెప్పేదాన్ని.

— ఒక రిటైర్డ్ తెలుగు టీచర్, మర్రిపాలెం, విశాఖపట్నం